చూసిన చూపుకు కూడా కోడ్ ఉంది: 97161 నుంచి 97168 దాకా

కిందటి ఎపిసోడ్‌లో జబ్బుల కోడ్ల గురించి, అంటే ఐసీడీ-10 గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత చాలామంది ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. "అన్నా, ఫిజియోథెరపీ ఎవాల్యుయేషన్ కోడ్లు మూడు మూడు ఉన్నయి, ఏది ఎప్పుడు పెట్టాలో సమజైతలేదు, జర మన భాషల చెప్పు" అని. అడిగినవాళ్ళలో ఎక్కువమంది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పిల్లలే. కొందరు ఫిజియోథెరపీ చదివి హైదరాబాద్‌లో కోడింగ్ ఉద్యోగంలో చేరినవాళ్ళు. కొందరు బీఎస్సీ, బీఫార్మసీ చేసి ఇప్పుడు కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు. అందుకని ఈరోజు ఉదాహరణలన్నీ మన మూడు జిల్లాల నుంచే తీసుకుంటాను. ఆ ఉదాహరణల్లో మనుషులు నేను ఊహించుకున్నవాళ్ళు. కానీ అలాంటివాళ్ళు మీ వాడకట్టులో ఒక్కరన్నా ఉంటారు.

నేను కూడా ఫిజియోథెరపీ చదివి ఈ కోడింగ్ వైపు వచ్చినవాణ్ణే. అందుకే రెండు వైపుల నుంచీ చెప్తాను. మొదట అమెరికా కోడ్ల సంగతి చూద్దాం. చివర్లో మన ఇంటి సంగతికి వద్దాం, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

ముందు కోడ్ అంటే ఏంటి? భయపడాల్సిన పనేం లేదు. రోడ్డు మీద బండి పోతుంటుంది. నెంబరు ప్లేటు మీద 27 ఉంటే జనగామ బండి అంటాం. 26 అయితే మహబూబాబాద్, 25 అయితే భూపాలపల్లి. బండివాణ్ణి ఆపి "ఏ ఊరు నీది" అని అడగాల్సిన పని లేదు. కోడ్ చేసే పని అంతే. పెద్ద సంగతిని చిన్న అంకెలో పెట్టి, దూరంగా కూర్చున్నవాడికి కూడా తెలిసేలా చేస్తుంది. అమెరికాలో డాక్టరు గానీ థెరపిస్టు గానీ చేసిన ప్రతి పనికీ ఐదంకెల కోడ్ ఉంటుంది. దాన్ని సీపీటీ కోడ్ అంటారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్ళు 1966లో మొదటిసారి ఆ పుస్తకం వేశారు. ఇప్పటికీ ఏటా మార్పులు చేసి వేస్తూనే ఉన్నారు.

అందులో 97తో మొదలయ్యే కోడ్లలో ఫిజికల్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ పనులు ఉంటాయి. ఫిజికల్ థెరపీ అంటే మనం ఫిజియోథెరపీ అనేదే. నడక, కదలిక, బలం, నొప్పి చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపీ అంటే మనిషి రోజూ చేసుకునే పనులు చూసేది. అన్నం కలుపుకొని తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మందులు టైముకు వేసుకోవడం, పిల్లలైతే పెన్సిల్ పట్టుకోవడం, ఇట్లాంటివి. మన వైపు ఈ రెండో పేరు చాలామంది వినను కూడా వినలేదు.

2016 దాకా ఎవాల్యుయేషన్‌కు ఒక్కో థెరపీకి ఒక్కటే కోడ్ ఉండేది. ఫిజికల్ థెరపీకి 97001, మళ్ళీ చూస్తే 97002. ఆక్యుపేషనల్ థెరపీకి 97003, మళ్ళీ చూస్తే 97004. కాలు మడతపడ్డ కుర్రాడైనా, పక్షవాతం వచ్చిన ముసలాయనైనా కోడ్ ఒక్కటే. 2017 జనవరి 1 నుంచి దాన్ని విడగొట్టారు. ఫిజికల్ థెరపీకి 97161, 97162, 97163. ఆక్యుపేషనల్ థెరపీకి 97165, 97166, 97167. మళ్ళీ చూసేదానికి 97164, 97168. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోవడం మనకు చాలా తేలిక. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను విడగొట్టి మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు చేశారు కదా. ఆ తర్వాత మూడు నెలలు కూడా కాకముందే ఈ కోడ్లు వచ్చాయి. ఒకటిగా ఉన్నది ఎందుకు విడగొట్టారు? అంతా వరంగల్ పేరు మీదనే ఉంటే ఏ మూలన ఏముందో లెక్క తెలియదు కాబట్టి. ఇక్కడ కూడా అంతే. తేలిక కేసు ఎంత, కష్టమైన కేసు ఎంత అన్నది లెక్కలో కనబడాలని విడగొట్టారు.

ఇప్పుడు అసలు ఎవాల్యుయేషన్ అంటే ఏంటో చూద్దాం. మన ఊళ్ళలో ఫిజియోథెరపీ అంటే ఏమంటారు? "కరెంటు పెట్టించుకున్నం" అంటారు. పది రోజులు పోయిన, పది కరెంట్లు పెట్టించిన, తగ్గలేదు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కరెంటు పెట్టడం చికిత్సలో ఒక చిన్న ముక్క. దానికి ముందు జరగాల్సిన పని ఇంకోటి ఉంది. మనిషిని కూర్చోబెట్టి అడగాలి, నడిపించి చూడాలి, కీలు ఎంత వంగుతుందో కొలవాలి, బలం ఎంతుందో చూడాలి, ఇంట్లో ఏం పని ఆగిపోయిందో తెలుసుకోవాలి. ఇవన్నీ కలిపి ఆలోచించి, ఈ మనిషికి ఏం చేయాలి, ఎన్ని రోజులు చేయాలి, ఎక్కడిదాకా తీసుకురావచ్చు అని నిర్ణయించాలి. ఆ పనే ఎవాల్యుయేషన్. చేతితో చేసే చికిత్స ఇంకా మొదలు కాలేదు. చూపు, కొలత, ఆలోచన అయ్యాయి. అమెరికా బిల్లులో ఆ పనికి విడిగా ఒక లైను ఉంటుంది, దానికి విడిగా డబ్బు ఉంటుంది.

సరే, మూడింట్లో ఏది పెట్టాలి? ఫిజికల్ థెరపీ కోడ్లకు నాలుగు గడులు గీసుకోండి. మొదటి గడి చరిత్ర. ఈ మనిషికి ముందునుంచి ఉన్న జబ్బులు గానీ, ఇంటి పరిస్థితి గానీ, ఈ చికిత్సకు అడ్డమొచ్చేవి ఎన్ని ఉన్నాయి? రెండో గడి పరీక్ష. శరీరంలో ఏం దెబ్బతింది, ఏ పని చేయలేకపోతున్నాడు, నలుగురిలో ఏ పాత్ర ఆగిపోయింది, వీటిలో ఎన్ని కొలిచారు? మూడో గడి ఇప్పటి పరిస్థితి. నిలకడగా ఉందా, మారుతూ ఉందా, ఎప్పుడేమవుతుందో తెలియనట్టు ఉందా? నాలుగో గడి నిర్ణయం ఎంత కష్టమైనది. దీనికి ఏదో ఒక ప్రామాణిక కొలత వాడి ఉండాలి.

జనగామ నుంచి మొదలుపెడదాం. ఇరవై ఏళ్ళ పిల్లవాడు, కబడ్డీ ఆడుతుంటే మడమ మడతపడింది. వేరే జబ్బేం లేదు. చరిత్ర గడిలో సున్నా. పరీక్షలో మడమ కదలిక, నడక, రెండు అంశాలు చూశారు. వాపు తగ్గుముఖంలో ఉంది, నిలకడగా ఉంది. నిర్ణయం తేలిక. ఇది 97161, తక్కువ క్లిష్టత. పుస్తకంలో మామూలుగా పట్టే సమయం 20 నిమిషాలు అని రాసి ఉంటుంది.

రెండోది మహబూబాబాద్, మన మానుకోట. యాభై ఏళ్ళ అమ్మ, మిర్చి ఏరే పనికి పోతుంది. భుజం పట్టేసింది. షుగర్ ఉంది. చరిత్రలో ఒకటి లేదా రెండు అంశాలుంటే మధ్యస్థం, ఆమెకు ఒకటి ఉంది. పరీక్షలో మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. ఆమెకు భుజం లేవడం తగ్గింది, జుట్టు ముడి వేసుకోలేకపోతోంది, మిర్చి కోతకు పోవడం ఆగింది. ఇవి మూడు. నొప్పి నెల నుంచి పెరుగుతూ వస్తోంది, రాత్రి నిద్ర పట్టట్లేదు, అంటే పరిస్థితి మారుతూ ఉంది. భుజం, చెయ్యి కోసం డాష్ అనే 30 ప్రశ్నల కొలత వాడారు. ఇది 97162, సమయం మామూలుగా 30 నిమిషాలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. కోడర్లు ఎక్కువగా తడబడేది ఈ షుగర్ దగ్గరే. చార్ట్‌లో పాత జబ్బుల జాబితాలో షుగర్ అని ఉంది కాబట్టి ఒకటి లెక్కేసుకుంటారు. అట్ల కాదు. ఆ షుగర్ ఈ చికిత్స మీద ఏం ప్రభావం చూపుతుందో థెరపిస్టు రాసి ఉండాలి. షుగర్ వల్ల భుజం నిదానంగా వదులవుతుంది, కాబట్టి ఎక్కువ వారాలు పడుతుంది అనో, షుగర్ పడిపోకుండా వ్యాయామానికి ముందు చూసుకోవాలి అనో ఒక వాక్యం ఉండాలి. ఆ వాక్యం ఉంటే షుగర్ లెక్కలోకి వస్తుంది. లేకపోతే అది జాబితాలో ఒక పేరు మాత్రమే.

మూడోది భూపాలపల్లి. సింగరేణి బాయిలో పనిచేసి రిటైరైన పెద్దాయన. పక్షవాతం వచ్చి మూడు వారాలైంది. బీపీ, షుగర్, పాత ఊపిరితిత్తుల ఇబ్బంది, పైగా ఇంట్లో చూసుకోవడానికి భార్య ఒక్కతే, ఆమెకూ మోకాళ్ళ నొప్పులు. చరిత్రలో మూడు దాటాయి. కుడి చెయ్యి బలం లేదు, నిలబడితే తూలుతున్నాడు, మంచం మీద నుంచి లేవలేడు, బాత్‌రూమ్‌కు ఒక్కడే పోలేడు, గుమ్మం దాటి బయటికి రాలేకపోతున్నాడు. నాలుగు గానీ ఎక్కువ గానీ ఉండాలి, ఇక్కడ ఐదున్నాయి. లేచి కూర్చుంటే బీపీ పడిపోతోంది, ఒక రోజు ఒకలా ఇంకో రోజు ఇంకోలా ఉన్నాడు. నిలకడ లేదు. తూలడాన్ని బెర్గ్ బ్యాలెన్స్ స్కేల్‌తో కొలిచారు, 56 మార్కులకు ఎన్నొచ్చాయో రాశారు. ఇది 97163, ఎక్కువ క్లిష్టత, మామూలుగా 45 నిమిషాలు.

ఇప్పుడు అసలు సూత్రం వినండి. నాలుగు గడులూ ఆ స్థాయిని అందుకోవాలి. మూడు గడులు ఎక్కువలో ఉండి ఒక్కటి తక్కువలో ఉంటే కోడ్ తక్కువదే. పరీక్షలో మూడు పేపర్లలో తొంభై తెచ్చుకుని నాలుగోది తప్పితే మెమోలో పాస్ అని రాయరు కదా. ఇదీ అంతే. భూపాలపల్లి పెద్దాయనకు అన్నీ ఉన్నాయి, కానీ థెరపిస్టు పరిస్థితి గడిలో "నిలకడగా ఉంది" అని ఒక్క మాట రాసేస్తే, కోడర్‌గా మనం 97163 పెట్టలేం. మనకు తెలుసు ఇది కష్టమైన కేసని. అయినా మన ఊహను బిల్లులో పెట్టకూడదు. థెరపిస్టుకు క్వెరీ పంపాలి, ఇట్ల ఉంది, స్పష్టం చేయండి అని. ఆయన నిజంగా చూసింది రాస్తే అప్పుడు మారుస్తాం. స్థాయిని నిర్ణయించేది థెరపిస్టు. రాత దానికి సరిపోయిందా లేదా చూసేది కోడరు. ఇద్దరి పనీ కలపొద్దు.

అదే పెద్దాయనను అదే రోజు ఆక్యుపేషనల్ థెరపిస్టు కూడా చూశారనుకోండి. ఇక్కడ గడులు కొద్దిగా మారతాయి. మొదట ఆయన రోజు ఎట్ల గడిచేది, ఏ పనులు ముఖ్యం అన్న ప్రొఫైల్. తర్వాత పర్ఫార్మెన్స్ డెఫిసిట్లు, అంటే పనికి అడ్డంపడే లోపాలు ఎన్ని. ఒకటి నుంచి మూడు ఉంటే 97165. మూడు నుంచి ఐదు ఉంటే 97166. ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 97167. దాంతోపాటు వేరే జబ్బులు పనికి అడ్డమొస్తున్నాయా, పరీక్ష చేయడానికి పనిని ఎంత మార్చి చూపించాల్సి వచ్చింది, ఎంత సాయం పట్టింది అని కూడా చూస్తారు. మన పెద్దాయనకు ముద్ద పట్టుకునే బలం లేదు, రెండు చేతులూ కలిసి పనిచేయక లుంగీ కట్టుకోలేడు, వేళ్ళు తిరగక గుండీ పెట్టుకోలేడు, కూర్చున్నచోట తూలుతుంటే స్నానం చేయలేడు, గుర్తు నిలవక మందుల గోలీలు కలగలిపేస్తున్నాడు. ఐదు లోపాలు. అడుగడుగునా పట్టుకుని, మార్చి చూపించాల్సి వచ్చింది. 97167. వీటి మామూలు సమయాలు 30, 45, 60 నిమిషాలు.

ఒకే రోజు రెండు ఎవాల్యుయేషన్లా అని కొందరు అనుమానపడతారు. రెండు వేరే విద్యలు, రెండు వేరే ప్లాన్లు, కాబట్టి ఉండొచ్చు. అందుకే కోడ్ పక్కన మాడిఫయర్ పెడతాం. ఫిజికల్ థెరపీ ప్లాన్ అయితే జీపీ, ఆక్యుపేషనల్ అయితే జీఓ, మాటల థెరపీ అయితే జీఎన్. ఇది మర్చిపోతే మెడికేర్ క్లెయిమ్ తిరిగి వస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నలు మూడు తీసుకుంటాను.

ఒకటి. "అన్నా, 97163 పెట్టాలంటే కచ్చితంగా 45 నిమిషాలు పట్టాలా?" అవసరం లేదు. అది మామూలుగా పట్టే సమయం, షరతు కాదు. కోడ్‌ను నిర్ణయించేది నాలుగు గడులు. చెయ్యి తిరిగిన థెరపిస్టు ముప్పై ఐదు నిమిషాల్లో చూడొచ్చు. కొత్తవాళ్ళు తేలిక కేసుకు గంట తీసుకోవచ్చు. గంట పట్టింది కాబట్టి 97163 అనడం తప్పు.

రెండు. "ఎనిమిది నిమిషాల రూల్ వీటికి వర్తిస్తదా?" వర్తించదు. ఎనిమిది నిమిషాల రూల్ సమయాన్ని బట్టి లెక్కేసే కోడ్లకు, ఉదాహరణకు వ్యాయామం కోడ్ 97110. అక్కడ 8 నుంచి 22 నిమిషాలకు ఒక యూనిట్, 23 నుంచి 37కు రెండు, 38 నుంచి 52కు మూడు. ఎవాల్యుయేషన్ ఎంతసేపు చేసినా ఒకటే యూనిట్. ఒక రోజు 30 నిమిషాలు ఎవాల్యుయేషన్, 15 నిమిషాలు వ్యాయామం చేయించారనుకోండి. ఎవాల్యుయేషన్ ఒకటి, 97110 ఒకటి. ఆ 30 నిమిషాలను వ్యాయామం ఖాతాలో కలిపి మూడు యూనిట్లు చేయకూడదు.

మూడు. "రీ-ఎవాల్యుయేషన్ నెలకోసారి పెట్టొచ్చా?" క్యాలెండర్ చూసి పెట్టేది కాదు. కొత్త లక్షణం కనబడాలి, లేదా పరిస్థితి బాగా మారాలి, లేదా అనుకున్నట్టు తగ్గకపోవాలి. అప్పుడు మళ్ళీ కొలిచి ప్లాన్ మారిస్తే 97164 లేదా 97168. మెడికేర్‌లో పది విజిట్లకోసారి రాసే ప్రోగ్రెస్ రిపోర్టుకు విడిగా డబ్బు రాదు. దాన్ని రీ-ఎవాల్యుయేషన్ పేరుతో బిల్లు చేయడం తప్పు.

ఇక అసలు చిక్కు ఒకటుంది. మూడు స్థాయిలు చేశారు కదా, డబ్బులు కూడా మూడు రకాలా? మెడికేర్‌లో కాదు. 97161, 97162, 97163 మూడింటికీ మెడికేర్ ఒకే విలువ పెట్టింది. ఆక్యుపేషనల్ మూడింటికీ అంతే. పై కోడ్‌కు ఎక్కువ డబ్బిస్తే అందరూ పై కోడ్ వైపే జరుగుతారేమో అన్న భయం కూడా అప్పుడు దానికి ఒక కారణం. మీకు వెంటనే అనిపిస్తుంది, డబ్బు ఒకటే అయినప్పుడు ఇంత తల బద్దలుకొట్టుకోవడం ఎందుకు, అన్నిటికీ మధ్యలో ఉన్న 97162 పెట్టేస్తే పోలా అని. ఫ్లోర్ మీద రోజుకు ఇన్ని చార్ట్‌లని టార్గెట్ ఉంటే ఈ ఆలోచన ఇంకా తొందరగా వస్తుంది.

వద్దు. కారణాలు చెప్తాను. మొదటిది, ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీల ఒప్పందాలు అన్నీ మెడికేర్‌లాగే ఉండాలని లేదు. రెండోది, అమెరికాలో ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ అని 1863 నాటి చట్టం ఉంది. అంతర్యుద్ధం రోజుల్లో సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టిన కాంట్రాక్టర్ల కోసం తెచ్చారు. తెలిసి తప్పుడు బిల్లు పెడితే ప్రభుత్వం నష్టానికి మూడింతలు వసూలు చేయొచ్చు. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. కోడ్ అంటే లెక్క. లక్షల మంది చార్ట్‌లు కలిస్తే ఏ రోగికి ఎంత పని పడుతోందో తెలుస్తుంది. రేపు విలువలు మార్చాలన్నా, థెరపీకి పరిమితులు పెట్టాలన్నా తీయాలన్నా ఆ లెక్కే చూస్తారు. ఈ పరిమితి 1997 చట్టంతో వచ్చింది, 2018లో తీసేశారు. ఇప్పుడు ఒక మొత్తం దాటితే కేఎక్స్ మాడిఫయర్ పెట్టి, ఇంకా చికిత్స అవసరమని చార్ట్‌లో చూపించాలి. 2025లో ఆ మొత్తం ఫిజికల్, మాటల థెరపీ రెండూ కలిపి 2,410 డాలర్లు, ఆక్యుపేషనల్‌కు విడిగా అంతే. అందరికీ 97162 కొట్టేస్తే పక్షవాతం వచ్చిన మనిషీ, మడమ మడతపడ్డ పిల్లవాడూ మళ్ళీ ఒకే గాటన పడతారు. విడగొట్టిందే అందుకు కదా.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. రాత్రి షిఫ్టులో కూర్చుని అమెరికాలో ఎవరో పెద్దాయన చార్ట్ చూస్తాం. ఆయన ఎన్ని అడుగులు నడిచాడు, ఎక్కడ తూలాడు, ఇంట్లో మెట్లెన్ని, భార్య ఆరోగ్యం ఎట్లుంది, అన్నీ రాసి ఉంటాయి. అదే సమయంలో మన ఊళ్ళో మన పెద్దనాయనకు పక్షవాతం వస్తే ఆయన గురించి ఇట్లాంటి కాగితం ఒక్కటన్నా ఉందా? చాలా ఇళ్ళలో ఉండదు.

ఎందుకు లేదంటే మన దగ్గర బీమా డబ్బు ఎక్కువగా మంచం చుట్టూ తిరుగుతుంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఎంతో మంది ప్రాణాలు నిలబెట్టిన పథకం అది. కానీ దాని లెక్క ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకు ప్యాకేజీ పద్ధతిలో ఉంటుంది. ప్రైవేటు పాలసీలు కూడా మామూలుగా అడ్మిషన్ ఉంటేనే కదులుతాయి. ఆ క్లెయిమ్ ఫారంలో జబ్బుకు కోడ్ రాస్తారు, ఆపరేషన్‌కు కోడ్ రాస్తారు. డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక మనిషిని కూర్చోబెట్టి అరగంట చూసి, కొలిచి, ఆలోచించే పనికి అక్కడ విడిగా లైను లేదు. డబ్బు సిట్టింగ్ లెక్కన ఇస్తారు కాబట్టి సిట్టింగే కనబడుతుంది. అందుకే "పది కరెంట్లు" అన్న మాట పుట్టింది.

మన వైపు జనానికి బాగా తెలిసిన కొలత కాగితం ఒకటే, సదరం సర్టిఫికెట్. క్యాంపుకు పోతారు, శాతం వేస్తారు, 40 దాటితే పింఛను. అది అవసరమే, దాన్ని తక్కువ చేయట్లేదు. కానీ సదరం చెప్పేది ఎంత పోయింది అని. ఎవాల్యుయేషన్ చెప్పాల్సింది ఏం తిరిగి తెచ్చుకోవచ్చు అని. పక్షవాతంలో మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ మెరుగుదల వస్తుంది. ఆ మూడు నెలలు కొలత లేకుండా గడిస్తే, తర్వాత చేతికి మిగిలేది శాతం కాగితమే.

అందుకే ఈ వీడియో చూస్తున్న కోడర్లందరికీ చెప్తున్నా. మీకు ఇప్పుడు నాలుగు గడులు తెలుసు. వాటికి అమెరికా అక్కర్లేదు, కోడ్ కూడా అక్కర్లేదు. ఇంట్లోవాళ్ళను ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు మొదటి రోజే మర్యాదగా అడగండి. "సార్, ఇయ్యాల కరెంటు పెట్టకున్నా పర్వాలేదు. ఒకసారి మొత్తం చూసి, కొలిచి, ఒక కాగితం మీద రాసిస్తరా?" ఆ కాగితంలో నాలుగు విషయాలు ఉండాలి. ముందునుంచి ఉన్న జబ్బుల్లో చికిత్సకు అడ్డమొచ్చేవి ఏంటి. ఇవాళ కొలిచింది ఏంటి, ఎంతొచ్చింది. పరిస్థితి నిలకడగా ఉందా, మారుతోందా. లక్ష్యం ఏంటి, ఎన్ని రోజులు, మళ్ళీ ఎప్పుడు కొలుస్తారు. ఆ చూపుకు విడిగా ఫీజు అడిగితే ఇవ్వండి. అది అన్నిటికన్నా విలువైన సిట్టింగ్. ఇది నా పాత వృత్తి మీద అభిమానంతో చెప్పట్లేదు, లెక్కేసి చెప్తున్నా. తప్పు దిశలో పది సిట్టింగ్‌లు చేయించుకుంటే పోయేది ఫీజు ఒక్కటే కాదు, రోజులు కూడా.

ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. డిశ్చార్జ్ తర్వాత ఖర్చులకు చాలా పాలసీల్లో 60 రోజులు, కొన్నిటిలో 90 రోజుల గడువుంటుంది. అదే జబ్బుకు డాక్టరు ఫిజియోథెరపీ అవసరమని రాసిస్తే, పాలసీ షరతులను బట్టి ఆ ఖర్చు అందులో అడగొచ్చు. కాబట్టి డిశ్చార్జ్ సమ్మరీ చేతికివ్వగానే అందులో ఫిజియోథెరపీ సలహా ఉందో లేదో అక్కడే చదవండి. లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి. ఇంటికొచ్చి నెలయ్యాక పరిగెత్తితే కష్టం. రసీదులు, డాక్టరు చీటీ, ఈ ఎవాల్యుయేషన్ కాగితం మూడూ ఒక కవర్లో పెట్టుకోండి.

ఎదుగుదల ఇబ్బంది ఉన్న పిల్లలుంటే మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. అక్కడ ఫిజియోథెరపీ ఏ రోజు ఉంటుందో అడగండి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు ప్రతిదానికీ వరంగల్ ఎంజీఎంకు పోయేవాళ్ళం. ఇప్పుడు జిల్లాలోనే అడిగే చోటుంది. అడిగేవాళ్ళుంటేనే కాగితం రాసే అలవాటు వస్తుంది.

చివరగా ఒక చిన్న పరీక్ష చెప్తాను, ఇంట్లో పెద్దవాళ్ళకు చేసి చూడొచ్చు. పక్కన ఒకరు పట్టుకునేటట్టు నిలబడాలి, ఇది తప్పనిసరి. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. అక్కడి నుంచి 3 మీటర్ల దూరంలో గీత గీయండి. లేచి, మామూలు నడకతో గీతదాకా పోయి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఫోన్‌లో సెకన్లు చూడండి. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క, డాక్టరుకు గానీ ఫిజియోథెరపిస్టుకు గానీ చూపించండి. టైమ్డ్ అప్ అండ్ గో అని మనం చార్ట్‌లలో రోజూ చూసే పరీక్ష ఇదే. తేదీ, సెకన్లు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. నెల తర్వాత మళ్ళీ చేసి పక్కనే రాయండి.

కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్ళకు ఇంటిపని. కాగితం మీద నాలుగు గడులు గీసి, మీకు తెలిసిన ఒక మనిషిని, పేరు రాయకుండా, అందులో నింపండి. ఏ కోడ్ వచ్చిందో, ఏ గడి వల్ల ఆగిందో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో క్వెరీ ఎట్ల రాయాలి, థెరపిస్టు నోట్లో మన మాట పెట్టకుండా ఎట్ల అడగాలి అన్నది మాట్లాడుకుందాం. అందాకా ఉంటానండి. నమస్తే.